ఆర్డిస్ మొదటి పిస్తోలు

ముప్పై నాలుగేళ్లు బడి బస్సు నడిపి జూన్‌లో తాళంచెవులు అప్పగించేసిన ఆర్డిస్ లిండ్‌గ్రెన్‌కి అక్టోబరు వచ్చేసరికి పిచ్చెక్కడం ఒక్కటే తక్కువైంది. అలవాటు కొద్దీ నాలుగున్నరకే మెలకువ వచ్చేసేది. లేచి వెళ్లేదెక్కడికి? కాఫీ పెట్టుకునేది, వంటింటి కిటికీలోంచి కోతలైపోయిన మొక్కజొన్న చేలవంక చూసేది, మళ్లీ కాఫీ పెట్టుకునేది.

చర్చిలో బొంతలు కుట్టే ఆడవాళ్లతో కలిసి చూసింది. మూడో వారంలో తన స్వెట్టరు చేతిని బొంతకు కలిపి కుట్టేసుకుంది. లేవబోతే బొంతా, బొంత మీదున్న కాఫీ కప్పులూ ఆమె వెంటే బయల్దేరాయి. ఆ బొంత బిషప్ గారి భార్యకు కానుకగా వెళ్లాల్సింది. "నీకు సరిపడే పని ఇంకేదో ఉండే ఉంటుంది ఆర్డిస్" అంది పాస్టరు గారి భార్య, ఎంతో మెత్తగా. సౌత్ డకోటాలో అంత మెత్తగా మాట్లాడారంటే ఇక రావద్దని చెప్పినట్టే.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఊరి కొట్లో గుడ్ల అర దగ్గర విన్నీ స్కోగ్ కనిపించింది. విన్నీకి డెబ్భై ఏళ్లు. పిట్టంత మనిషి. బతుకంతా జిల్లా ఆఫీసులో పొలాల దస్తావేజులు నమోదు చేసింది. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్లు ఊళ్లో లేరు. ఎప్పుడూ నోట్లో పిప్పరమెంటు బిళ్ల ఉంటుంది. ఊరిబయట తుపాకీ క్లబ్బులో ప్రతి బుధవారం జరిగే పిస్తోలు పోటీలు నడిపేది ఈమే.

"మా బుధవారం జట్టులో ఒక మనిషి తక్కువైంది. మోకాలి ఆపరేషనుకి వెళ్లింది. నువ్వు రాకూడదూ?" అంది విన్నీ, గుడ్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ.

"నాకు పిస్తోలు ఎటునుంచి పట్టుకోవాలో కూడా తెలీదు."

"మరీ మంచిది. తెలిసినవాళ్లు వస్తే ముందు తెలిసిందంతా మాన్పించాలి. అది పెద్ద చాకిరీ."

"ఏది కొనుక్కోమంటావు?"

"ఏదీ కొనకు. వచ్చే శనివారం క్లబ్బుకి రా. నాలుగైదు రకాలు బల్ల మీద పెడతాను. కాల్చి చూడు. కాలికి వేసుకుని చూడకుండా చెప్పులు కొంటావా?"

ఇంతవరకూ బాగానే ఉంది. ఆర్డిస్ చేసిన పొరపాటల్లా ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు లవెర్న్ ఇంట్లో, భోజనాల దగ్గర ఈ సంగతి బయటపెట్టడం. లవెర్న్ ఏమీ అనేది కాదు. ఆమె మొగుడు డెల్బర్ట్ ఉన్నాడే, అతని చెవిన పడింది.

డెల్బర్ట్ ట్రాక్టరు విడిభాగాలు అమ్ముతాడు. మనిషి ఎంత పెద్దవాడో గొంతు అంత పెద్దది. ఇంటికింద గదిలో ఉక్కు బీరువా నిండా పంతొమ్మిది తుపాకులున్నాయి. ఊళ్లో తుపాకీ అన్న మాట వినపడితే చాలు, పిలవకపోయినా వచ్చి వాలతాడు. ఇప్పుడు ఆ మాట తన బల్ల మీదే, తన బంగాళాదుంపల గిన్నె పక్కనే వినిపించింది. చేతిలో ఫోర్కు కింద పెట్టేశాడు.

"విన్నీ ఏం చెబుతుందో నాకు తెలుసు. టూటూ అంటుంది, అదే పాయింటు ఇరవై రెండు. పెన్సిలు ముక్కంత తూటా! ఆర్డిస్, అది ఉడతల్ని బెదిరించడానికి. నీ మొదటి తుపాకీ నేను ఎంచిపెడతాను."

"విన్నీ ముందే కొనొద్దంది."

"విన్నీ అలాగే అంటుంది. రేపు పొద్దున్నే వచ్చి నిన్ను తీసుకెళతాను." లేచి నేలమాళిగ వైపు నడిచాడు. "ఈలోగా ఒకటి రెండు చూపిస్తానుండు."

"డెల్బర్ట్! మాంసం గిన్నె పక్కన నువ్వు తుపాకీ పెట్టావంటే నీ పళ్లెం తీసుకెళ్లి కుక్కకి పెడతాను" అంది లవెర్న్, తలెత్తకుండానే. డెల్బర్ట్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు గానీ, భోజనం చివర తీపి తినడం అయ్యేదాకా తూటాల గురించి చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు నలభై మైళ్లు ప్రయాణం చేసి పక్క టౌనులో తుపాకుల కొట్టుకి వెళ్లారు. గళ్లచొక్కా వేసుకున్న కొట్టు మనిషి ఆర్డిస్‌ని ఒకసారి చూసి, డెల్బర్ట్ వైపు తిరిగి, "ఆవిడకేనా?" అని అడిగాడు.

"ఆవిడకే. ఆవిడ ఇక్కడే నిలబడి ఉంది కూడా" అంది ఆర్డిస్.

అతను నాలిక్కరుచుకుని, అద్దాల బల్లలోంచి అరచేతిలో ఇమిడిపోయే పిస్తోలు ఒకటి తీశాడు. ఖాళీగా ఉందని తెరిచి చూపించి బల్లమీద పెట్టాడు. దాని పిడి గులాబిరంగులో ఉంది.

"ఆడవాళ్లంతా ఇదే ఇష్టపడతారు మేడమ్. చేతిసంచిలో ఇట్టే పట్టేస్తుంది."

"సంచిలో పెట్టుకోవడానికి కాదు. గురిచూసి కాగితానికి చిల్లులు పెట్టడానికి."

"రంగు కూడా ముచ్చటగా ఉంటుంది."

"చూడు నాయనా. ముప్పై నాలుగేళ్లు నేను పదమూడు టన్నుల బస్సు నడిపాను. నడిపేది ఆడమనిషి కదా అని దానికెవరైనా గులాబిరంగు వేశారా?"

గళ్లచొక్కా ఆయన దగ్గి, పైనున్న ఉక్కు పలకని పట్టుకుని వెనక్కి లాగి చూడమన్నాడు. ఆర్డిస్ లాగింది. అది కదల్లేదు. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ లాగింది. బస్సు స్టీరింగు తిప్పి తిప్పి రాటుదేలిన చేతులవి. అయినా బొటనవేలు జారి గోరు విరిగిందే తప్ప పలక అర అంగుళం దాటి రాలేదు.

"చిన్నది కదా మేడమ్, లోపల స్ప్రింగు గట్టిగా ఉంటుంది."

"చిన్నదైతే సులువనుకున్నానే."

"అబ్బే, చిన్నవాటితోనే కష్టం. లాగడమూ కష్టమే, పేలితే చేతిని తన్నడమూ ఎక్కువే."

"మరి మొట్టమొదట అదే ఎందుకు చూపించావయ్యా?"

గళ్లచొక్కా ఆయన దాన్ని తిరిగి అద్దాల బల్లలో పెట్టేశాడు. అప్పటిదాకా ఓపిక పట్టిన డెల్బర్ట్ అతన్ని పక్కకి జరిపి, "ఆ అడుగున ఉన్నది తియ్యి" అన్నాడు. బల్ల మీదికి వచ్చింది ఫార్టీఫోర్ రివాల్వర్, టూటూకి రెండింతల లావు తూటాది. కుళాయి గొట్టమంత గొట్టం. దాన్ని చూస్తూంటే డెల్బర్ట్ కళ్లు మెరిశాయి.

"నా దగ్గరున్నదానికి ఇది సొంత తమ్ముడు. ఎలుగుబంటిని కూడా పడగొడుతుంది ఆర్డిస్!"

"మన జిల్లాలో ఎలుగుబంట్లు ఎక్కడున్నాయి?"

"లేవు. ఒకవేళ వస్తే?"

"బుధవారం పోటీకి వస్తుందా?"

ఆమె దాన్ని ఎత్తి చూసింది. పిడి ఎంత లావుగా ఉందంటే, చెయ్యి బాగా సాచినా చూపుడువేలి కొస మాత్రమే మీటకి తగిలింది. ఆ మాట చెప్పబోయింది. అప్పటికే మగవాళ్లిద్దరూ ఏ తూటా ఎంత దూరం పోతుందన్న వాదనలో పడ్డారు. గోడకి తగిలించిన దుప్పి తల ఒక్కటే ఆమెవంక చూస్తూ ఉంది. ముప్పావుగంట తర్వాత ఆర్డిస్ కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్లి కారులో కూర్చుంది.

"ఏమీ కొనలేదే!" అన్నాడు డెల్బర్ట్ వెనకాలే పరిగెత్తుకొచ్చి.

"నేనొచ్చేశానని ఎప్పటికి తెలిసింది?"

డెల్బర్ట్ బాగా నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నానని నలభై మైళ్లూ చెబుతూనే వచ్చాడు. దింపేటప్పుడు మాత్రం, "శనివారం నేనూ క్లబ్బుకి వస్తాను. నా ఫార్టీఫోర్ తెస్తాను. ఒక్కసారి కాల్చావంటే విన్నీ బొమ్మ తుపాకుల మొహం చూడవు" అన్నాడు.

శనివారం గాలి కత్తిలా కోస్తోంది. క్లబ్బులో తూటాలు ఆపే మట్టికట్టకి ఎదురుగా ఉన్న బల్ల మీద విన్నీ నాలుగు పిస్తోళ్లు వరసగా పెట్టింది. అన్నీ ఖాళీ. అన్నిటి నోళ్లూ కట్టవైపే. ఆర్డిస్‌కి కళ్లద్దాలూ, చెవులకి దొప్పలూ ఇచ్చి, దొప్పలు పెట్టుకోకముందే నాలుగు మాటలు చెప్పింది. "ఖాళీ అని నీ కళ్లతో చూసినా సరే, తూటా ఉందనే అనుకో. గొట్టం కట్టవైపు తప్ప ఇంకెటూ తిరక్కూడదు. కాల్చే క్షణందాకా వేలు మీట మీదకి పోకూడదు. నువ్వు గురిపెట్టినదాని వెనక ఏముందో తెలుసుకో. అంతే."

"బస్సుకి నలభై ఒక్క నియమాలుండేవి" అంది ఆర్డిస్. "నాలుగైతే గుర్తుపెట్టుకోగలను."

సరిగ్గా అప్పుడే ఇనప్పెట్టె చేత్తో పట్టుకుని డెల్బర్ట్ వచ్చాడు. వెనకే లవెర్న్, ఆమె వెనక వినోదం చూద్దామని క్లబ్బు మనుషులు నలుగురు.

"ముందు అసలైన తుపాకీ ఎలా ఉంటుందో ఆవిడకి తెలియాలి విన్నీ."

విన్నీ తల అడ్డంగా ఊపింది. ఆర్డిస్ ఆమె చెవి దగ్గరకి వంగి, "నన్ను కాల్చనీ. లేకపోతే చచ్చేదాకా ప్రతి ఆదివారం వినాలి" అంది. విన్నీ ఇనప్పెట్టె వైపు చూసింది. "ఒక్కటంటే ఒక్క తూటా. నేను వెనకే నిలబడతాను" అంది.

ఆ ఒక్క తూటా చాలింది. పిడుగు పడ్డట్టయింది. రివాల్వరు నోరు ఆకాశంలోకి లేచింది. ఆర్డిస్ టోపీ ఎగిరి విన్నీ మొహాన పడింది. చెవి దొప్ప ఒకటి జారి మెడ మీదికొచ్చింది. విన్నీ రెండు చేతులతో భుజాలు పట్టుకుని ఉండకపోతే ఆర్డిస్ ఇంకో అడుగు వెనక ఉండేది. పదిగజాల దూరంలో కాగితం మాత్రం పెళ్లిబట్టలా మచ్చలేకుండా ఉంది.

"ఎలా ఉంది? అదిరిపోయింది కదూ?" అని డెల్బర్ట్ చేతులు చరిచాడు.

"గాడిద తన్నినట్టుంది డెల్బర్ట్. నిజం గాడిదైతే కనీసం తిట్టుకోవచ్చు." చెయ్యి విదిలించుకుంది. "నా పంటిలో డాక్టరు పెట్టిన సిమెంటు కదిలింది."

విన్నీ టోపీ తెచ్చి ఆమె తలమీద పెట్టింది. పిప్పరమెంటు బిళ్ల ఒకటి ఇచ్చి, బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పది నిమిషాలయ్యాక ఖాళీ పిస్తోలు ఒకటి చేతిలో పెట్టింది.

"ఏది మంచిదని నన్నడక్కు. కట్టవైపు పట్టుకుని కళ్లు మూసుకో. చెయ్యి హాయిగా ఎత్తు. ఇప్పుడు కళ్లు తెరువు. గురిచూసే ముల్లు ఎక్కడుంది?"

మొదటిది తళతళలాడే కొత్త పిస్తోలు. కళ్లు తెరిచేసరికి ముల్లు కాగితానికి గజం ఎడమగా, కట్ట అంచుని చూస్తోంది. రెండోదాని పిడి లావు, వేలు అందలేదు. మూడోది ప్లాస్టిక్కుది, తేలిక. గురి కుదిరింది గానీ ఈకలా అటూ ఇటూ ఊగింది. నాలుగోది పాతది. ఉక్కు గొట్టం పొడుగ్గా, బరువుగా ఉంది. వాల్‌నట్ కర్ర పిడి ఏళ్ల తరబడి ఎవరో పట్టుకుని పట్టుకుని నున్నగా అరిగిపోయింది. ఆర్డిస్ కళ్లు మూసుకుని ఎత్తింది, తెరిచింది. ముల్లు తిన్నగా కాగితం నడుమ ఉంది.

"అమ్మో" అంది. "కానీ బరువుగా ఉందే."

"బరువుంటేనే మేలు. నీ చెయ్యి వణికినా అంత తొందరగా దాన్ని కదపలేదు. అది ఐనర్‌ది, పాత పోస్ట్‌మ్యాన్. చూపు మందగించిందని అమ్మేస్తున్నాడు. టూటూయే. అయిదు తూటాలు పెడుతున్నాను. మీటని లాగకు, మెల్లగా నొక్కుతూ ఉండు. ఎప్పుడు పేలుతుందో నీకే తెలియకూడదు."

ఆర్డిస్ నొక్కింది. ఎండుపుల్ల విరిచినట్టు టప్పుమంది. అంతే. పిస్తోలు ఉన్నచోటే ఉంది, టోపీ ఉన్నచోటే ఉంది. ఆమెకి నవ్వొచ్చింది. మిగిలిన నాలుగూ కాల్చి చూసేసరికి కాగితం మీద అయిదు చిల్లులు. కప్పు సాసరు పెడితే అన్నీ కిందకి వచ్చేస్తాయి.

"ఇవి నేను పెట్టినవేనా?" అని రెండుసార్లు అడిగింది.

లవెర్న్ చప్పట్లు కొట్టింది. డెల్బర్ట్‌కి మాత్రం ఒళ్లు మండింది. "అది కుట్టుమిషను! దానితో కొడితే ఏం గొప్ప? శబ్దం లేదు, తన్ను లేదు. మా కుక్క కూడా కొడుతుంది."

విన్నీ ఇంకో బిళ్ల కాగితం విప్పుకుంది. "అయితే నువ్వు కొట్టు డెల్బర్ట్. అంతే దూరం. నీ ఫార్టీఫోర్‌తోనే. నువ్వు అటు తిరుగు, తూటాలు నేను నింపుతాను."

డెల్బర్ట్ ఛాతీ విరుచుకుని అటు తిరిగాడు. విన్నీ తన రేకు డబ్బా తెరిచింది. అందులో అన్ని కొలతల ఉత్తుత్తి తూటాలూ ఉంటాయి. చూడ్డానికి అచ్చం అసలువాటిలాగే ఉంటాయి, లోపల మందు ఉండదు. మూడు అసలువీ, మూడు ఉత్తుత్తివీ కలిపి నింపింది.

మొదటిది ఫెళ్లుమంది. కాగితానికి మూరెడు కింద మట్టి లేచింది. "గాలి" అన్నాడు డెల్బర్ట్. రెండోసారి మీట లాగాడు. టిక్ మని చప్పుడైంది, అంతే.

తుపాకీ పేలలేదు. డెల్బర్ట్ మాత్రం పేలాడు. రివాల్వరు నోరు నేలకి దిగిపోయింది, భుజాలు ముందుకు దూకాయి, మోకాళ్లు వంగాయి, కళ్లు రెండూ గట్టిగా మూతబడ్డాయి, నాలుక చివర బయటికొచ్చింది. పేలని తుపాకీ చేత పట్టుకుని ఆరడుగుల మనిషి అలా వంగి నిలబడిపోయాడు.

"ఎవరికి డెల్బర్ట్ ఆ దండం? మహారాణి గారొచ్చారా?" అంది లవెర్న్.

"తూటా పాడైంది" అన్నాడు డెల్బర్ట్, నిటారుగా అయి.

"తూటా బాగానే ఉంది. అందులో మందే లేదు. కానివ్వు, కాల్చు" అంది విన్నీ.

ఇంకో నాలుగుసార్లు మీట నొక్కాడు. పేలినప్పుడల్లా మట్టి లేచింది, పేలనప్పుడల్లా మహారాణి గారికి దండం పడింది. క్లబ్బు మనుషులు పొట్టలు పట్టుకున్నారు. ఆర్డిస్ కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ డెల్బర్ట్ మొహం చూసింది. చెవులు ఎర్రగా కందిపోయాయి. రివాల్వరు ఖాళీ చేసి పెట్టెలో పెట్టాడు. పెట్టె గొళ్లెం ఎంతకీ పడటం లేదు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"సరే, చాలింక. చలికి చస్తున్నాను. లోపలికి పదండి, కాఫీ తాగుదాం" అని అందర్నీ బస్సెక్కించినట్టు ముందుకి తోలింది.

ఐనర్ పిస్తోలు ఖాయం చేసుకోవడానికి ఆర్డిస్ స్వయంగా వాళ్లింటికి వెళ్లింది. ముసలాయన ఆమె పేరు వినగానే మొహం చిట్లించాడు. "బస్సు నడిపే ఆర్డిస్‌వి కదూ? వానలో నా ఉత్తరాల బండి మీద బురదంతా చిమ్మి వెళ్లావు."

"ఎప్పుడు?"

"ఇరవై ఆరేళ్లయింది."

"మీరు దారికి అడ్డంగా ఆపి ఉంటారు."

"ఆపాను" అని ఒప్పుకున్నాడు ఐనర్. కాల్చిన ప్రతిసారీ ఎలా విప్పి తుడవాలో, ఎక్కడ ఒక్క చుక్క నూనె వెయ్యాలో గంటసేపు చూపించి, కాగితాలు రాసి ఇచ్చాడు. ఆమె వాకిలి దాటుతుంటే, "ఎడమవైపుకి కొంచెం కొడుతుంది. తప్పు దానిది కాదు, నాది. నీ చేతిలో బాగానే ఉంటుందిలే" అన్నాడు.

ఆ మంగళవారం ఆర్డిస్ తలుపు ఎవరో కొట్టారు. చూస్తే డెల్బర్ట్. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె ఉంది. "లవెర్న్ హాట్‌డిష్ పంపింది, మాంసమూ బంగాళాదుంపలూ కలిపి వండింది" అన్నాడు. గిన్నె బల్లమీద పెట్టాడు. వెళ్లలేదు. కూర్చోలేదు. టోపీ అంచు పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాడు. డెల్బర్ట్ ఉన్న గదిలో గడియారం చప్పుడు వినబడటం ఆర్డిస్‌కి అదే మొదటిసారి.

"నాకు ఎనిమిదేళ్లప్పుడు" అన్నాడు చివరికి. "నాన్న తన పెద్ద రివాల్వరు నా చేతిలో పెట్టాడు. కాల్చాను. అది వచ్చి నా నుదుటికి తగిలింది. వెల్లకిలా పడ్డాను. నాన్నా, ఆయన స్నేహితులూ పగలబడి నవ్వారు. లేచి మళ్లీ కాల్చమన్నారు. కళ్లు మూసుకుని కాల్చాను." టోపీ బల్లమీద పెట్టాడు. "అప్పట్నుంచీ తెరవలేదనుకుంటా."

"మరి ఆ పంతొమ్మిది తుపాకులు?"

"ఇంకా పెద్దది కొంటే భయం పోతుందనుకునేవాణ్ణి. ప్రతిసారీ."

ఆర్డిస్ కుర్చీ లాగి, కాఫీ పోసింది. తమాషాకి ఏదో అందామని నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది. "విన్నీ బల్ల మీద ప్లాస్టిక్కుది ఒకటి మిగిలిపోయింది. టూటూ" అంది.

"అది ఆడవాళ్ల..." అని మొదలుపెట్టి, ఆమె చూపు చూసి డెల్బర్ట్ కాఫీ గుటకేశాడు. "బుధవారం ఎన్నింటికి?"

"ఆరింటికి. చెవి దొప్పలు తెచ్చుకో."

క్లబ్బు రేకుల షెడ్డులో జరిగిన మొదటి పోటీలో ఆర్డిస్ గొప్పగా ఏమీ చెయ్యలేదు. కంగారులో ఒక తూటా పక్కావిడ కాగితానికి కొట్టేసింది. అయిదు కాల్చి ఆరు చిల్లులు చూసుకున్న పక్కావిడ చాలాసేపు మురిసిపోయింది. లెక్క తేలేసరికి తొమ్మిదిమందిలో ఆర్డిస్ ఏడోది. ఏడో స్థానం గురించి చెల్లెలికి అంత ఉత్సాహంగా చెప్పినవాళ్లు ఆ క్లబ్బులో అంతకుముందు లేరు.

అందరూ అయ్యాక చివరి వరసలో డెల్బర్ట్ నిలబడ్డాడు. అతని పెద్ద చేతుల్లో ప్లాస్టిక్కు పిస్తోలు సబ్బుబిళ్లలా ఉంది. విన్నీ అతని పక్కన నిలబడి ఏదో చిన్నగా చెప్పింది. బల్లల దగ్గర నిమ్మ మిఠాయి తింటున్నవాళ్లు చూస్తున్నా, ఈసారి ఒక్కరూ కిసుక్కుమనలేదు. ఆర్డిస్ వెనక్కి తిరిగి వాళ్లందర్నీ ఒకసారి బస్సు అద్దంలోంచి పిల్లల్ని చూసినట్టు చూడటమే అందుకు కారణం.

టప్. మొదటిసారి కళ్లు మూసుకున్నాడు. రెండోసారి కూడా. మూడోసారి ఒక కన్నే మూతపడింది. నాలుగోదానికి చాలా సేపు పట్టింది. అతని మెడ మీద చెమట పట్టింది. చలికాలం, షెడ్డులో పొయ్యి సరిగా మండటం లేదు. టప్ మంది.

డెల్బర్ట్ కదల్లేదు. మిగిలిన తూటా కాల్చలేదు. వేలు మీట మీంచి తీసి, విన్నీ చెప్పినట్టే పిస్తోలు ఖాళీ చేసి, నోరు కాగితాలవైపు పెట్టి బల్ల మీద ఉంచాడు. చెవి దొప్పలు తీసేసి లవెర్న్ వైపు తిరిగాడు.

"గొట్టం చివర చిన్న నిప్పు వస్తుంది" అన్నాడు నెమ్మదిగా. అంత నెమ్మదిగా అతను మాట్లాడగలడని ఆ షెడ్డులో ఎవరికీ తెలీదు. "రెప్పపాటు కూడా ఉండదు. నీకు తెలుసా? ఇప్పుడే చూశాను లవెర్న్. యాభై ఏళ్లకి చూశాను."